బంతి టీచరు బంతి గీసిన కథ

మా అక్కకు బడి పిల్లలు పెట్టిన పేరు బంతి టీచరు. ఏ తరం పిల్లలు పెట్టారో తెలియదు కానీ, వాళ్ళు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలు అదే బళ్ళో చేరినా ఆ పేరు మాత్రం మారలేదు. ఆవిడ డ్రాయింగు టీచరు. ఏ తరగతికి వెళ్ళినా మొదటి రోజు పాఠం ఒక్కటే. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక్క ఊపులో సున్నా చుట్టేది. గీత బయల్దేరిన చోటికే వచ్చి కలిసేది, అతుకు ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు. "ఇది సున్నా. దీన్ని బంతి చెయ్యాలంటే ఏం కావాలి?" అని అడిగేది. పిల్లలు రంగు అనీ, గాలి అనీ, తన్నడానికి కాలు అనీ నోటికొచ్చింది చెప్పేవారు. అందరూ అయ్యాక, "వెలుగు కావాలి," అని ఎడమవైపు పైమూల ఒక దీపం బొమ్మ వేసి, సుద్దను అడ్డంగా పట్టుకుని ఆ సున్నాకి వెలుగు పూసేది. సున్నా ఉబ్బి బంతయ్యేది.

నేను ఆవిడ చెల్లెల్ని. కింది వాటాలో అక్కా బావా, పై వాటాలో మేము, కిందే వీధివైపు గదిలో నా కుట్టుమిషను. నాకు నోరెక్కువని అంటారు. నోరెక్కువ కాదు, చుట్టూ ఉన్నవాళ్ళకి చెవులు తక్కువ. చిన్నప్పుడు నాకూ బొమ్మలంటే ఇష్టమే. కానీ పక్కన కూర్చుని అక్క ఒక్క ఊపులో చుట్టిన సున్నా చూశాక, నా సున్నా చూసుకుని పెన్సిలు అక్కడే వదిలేసి కత్తెర పట్టాను. దానికి నాకేమీ బాధ లేదు. నా కత్తెర నాకు అన్నం పెట్టింది.

అలాంటి అక్క చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట కప్పూ సాసరూ చెప్పాయి. ఆవిడ టీ తెస్తుంటే గదిలోకి మనిషికన్నా ముందు చప్పుడు వచ్చేది. దాన్ని దాచడానికి సాసరు మానేసింది, తర్వాత సగం కప్పే పోసుకోవడం మొదలుపెట్టింది. నేను ఊరుకోలేదు, డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ప్రాణానికి ముప్పు లేదు, వయసు మీద పడ్డాక కొందరికి వచ్చే వణుకే, కానీ పూర్తిగా పోదు అన్నాడాయన. మా బావకు మందుల షాపు ఉంది. ఈ వణుక్కి ఉన్న మాత్రలు ఆయన చేత్తోనే తెచ్చిచ్చాడు. అవి వేసుకుంటే వణుకు కొంచెం తగ్గేది, మనిషి మాత్రం కూర్చున్నచోటే కునికేది. నిద్రపోయే టీచరు కన్నా వణికే టీచరు నయమని అక్క వాటిని మానేసింది.

బళ్ళో ఏం జరిగిందో ఆవిడే చెప్పింది. ఒక రోజు బోర్డు మీద సున్నా చుడితే ముందు బెంచీ పిల్లవాడు, "టీచర్, అది బంగాళాదుంపా?" అని అడిగాడట. వాడు వేళాకోళం చెయ్యలేదు, నిజంగానే అడిగాడు. అక్క కూడా నవ్వేసి, దానికి రెండు కళ్ళు పెట్టి బంగాళాదుంపనే చేసేసింది. ఇంటికొచ్చి నా కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, కింద పడ్డ గుడ్డపీలికలు ఒక్కొక్కటే ఏరింది. ఆ తర్వాత నుంచి బోర్డు ముట్టుకోలేదు. అచ్చువేసిన చార్టులు తగిలించి పాఠం నడిపించింది.

చార్టులెందుకు వచ్చాయో పెద్దమేడమ్‌కి తెలియకుండా ఎలా ఉంటుంది. ఆవిడ మంచి మనిషే. వేసవి సెలవులకి ముందు అక్కని గదిలోకి పిలిచి, "వచ్చే ఏడాది నుంచి లైబ్రరీ చూసుకోండి టీచర్. మీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది. డ్రాయింగుకి ఇంకొకర్ని చూస్తాను," అంది. తియ్యగా చెప్పిన మాటకి అడ్డు చెప్పడం మహా కష్టం. అక్క మాత్రం, "సెలవులయ్యేదాకా ఆగండి మేడమ్. బళ్ళు తెరిచిన రోజు బంతి పాఠం నేనే చెబుతాను. చెప్పలేకపోతే లైబ్రరీ తాళాలు నేనే అడిగి తీసుకుంటాను," అని వచ్చేసింది.

వచ్చేసింది కానీ, వణికే చేత్తో బంతి ఎలా వేస్తుందో ఆవిడకీ తెలియదు. దారి చూపించింది బళ్ళో కంప్యూటర్ మాస్టారు. అక్క కన్నా చాలా చిన్నవాడు, స్టాఫ్ రూములో అక్క ఎదుటి కుర్చీ అతనిది. "బొమ్మ మీ చెయ్యే వెయ్యాలని ఎక్కడుంది మేడమ్? వెలుగు ఎక్కడ ఎలా పడుతుందో మీకు తెలుసు. అది కంప్యూటరుకి చెప్పండి. వెయ్యడం దాని పని. కిరణం వెనకాల కిరణం పంపి బొమ్మ కట్టే పద్ధతి ఒకటుంది, నేర్చుకోవడానికి చాలామంది ఆ ప్రోగ్రాము సొంతంగా రాసుకుంటారు," అన్నాడట.

మా అమ్మాయి పడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి మా బీరువా మీద ఉంది. దుమ్ము దులిపి కిందికి తెచ్చాను. మొదటి ఇబ్బంది మీటలతోనే వచ్చింది. అక్క ఒక అక్షరం నొక్కితే వేలు వణికి రెండో మూడో పడేవి. ఒక్క లైను రాసి, అందులో ఎక్కువైన అక్షరాలు ఏరుకుంటూ కూర్చునేది, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. కంప్యూటర్ మాస్టారు వచ్చి ఏదో సెట్టింగు మార్చాడు. దాంతో ఒకే మీట వెంటవెంటనే పడితే ల్యాప్‌టాప్ లెక్కచెయ్యడం మానేసింది. అక్క ప్రాణం కుదుటపడింది.

బావకి ఇదంతా అనవసరమైన శ్రమగా కనిపించింది. "ఇలాంటి బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్లు ఊరికే దొరుకుతాయట. ఒక్కటి నొక్కితే బంతి వచ్చేస్తుందట. నీకెందుకే ఈ తంటా?" అన్నాడు.

ఆ మాటకి నాకు కాలింది. "రెడీమేడ్ చొక్కాలూ దొరుకుతాయి బావా. మరి మీ పొట్టకి సరిపోయేది నాచేత ఎందుకు కుట్టించుకుంటున్నారు?" అన్నాను. బావ పొట్ట లోపలికి పీల్చి పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

"నొక్కితే వచ్చే బంతి నాకు వద్దండీ," అంది అక్క నెమ్మదిగా. "అది గుండ్రంగా ఎందుకు కనిపిస్తోందని పిల్లలు అడిగితే నేను చెప్పాలి కదా."

పట్టుదలైతే ఉంది, మాస్టారు పంపిన పాఠం మాత్రం బుర్రకెక్కలేదు. కన్ను అంటారు, తెర అంటారు, కిరణమంటారు, కన్ను దగ్గర నుంచి కిరణాన్ని వెనక్కి పంపాలంటారు. వెలుగు దీపం నుంచి కదా రావాలి, కంట్లోంచి పోవడమేంటని అక్క రెండు రోజులు మాస్టారుతో ఫోనులో వాదించింది. మూడో రోజు పొద్దున్నే నా గదిలోకొచ్చి ఒక దారపు కండె తీసుకుని, "నువ్వూ రా," అంది.

హాల్లో కిటికీకి దోమల జాలీ ఉంది. అవతల వరండాలో స్టూలు వేసి దాని మీద ఎర్ర రబ్బరు బంతి పెట్టింది. పక్కన కుర్చీ మీద కుర్చీ ఎక్కించి, పైన టేబుల్ లైటు నిలబెట్టింది. నన్ను కిటికీకి ఇవతల కూర్చోబెట్టి, దారం కొస నా కంటి పక్కన పట్టుకోమంది. రెండో కొస జాలీలో ఒక కన్నంలోంచి దూర్చి, వరండాలోకి వెళ్ళి తిన్నగా లాగింది. దారం బంతికి తగిలింది.

"ఈ కన్నంలోంచి చూస్తే నీకు కనిపించేది బంతి. అంటే తెర మీద ఈ గడికి ఎర్ర రంగు," అంది. ఇంకో కన్నంలోంచి లాగితే దారం బంతిని తప్పించుకుని పోయి గోడకి తగిలింది. "ఇది గోడ. తెలుపు." ఆపైన బంతికి తగిలిన చోటు నుంచి ఇంకో దారం తీసి లైటుకి కట్టింది. "ఇప్పుడు చెప్పు. బంతికీ లైటుకీ మధ్య ఏదైనా అడ్డొచ్చిందా?"

"నీ తల అడ్డొచ్చింది."

"అయితే అక్కడ నీడ," అంది అక్క, పాఠం అప్పజెప్పిన పిల్లలా సంబరంగా. "ఇంతే కదా. ప్రతి కన్నానికీ ఒక దారం, దారం తగిలిన చోటు నుంచి దీపానికి ఇంకో దారం. కనబడని చోట్లకి పోయే వెలుగుతో మనకి పనిలేదు. అందుకే కంటి దగ్గర మొదలుపెట్టమన్నాడు."

"జాలీకి ఎన్ని కన్నాలున్నాయో చూశావా? ఇన్నిటికీ దారాలు కడితే నా కండెలన్నీ ఖాళీ."

"కంప్యూటరు దగ్గర దారానికి కరువు లేదు," అంటూనే ఇంకో దారం కట్టింది. అలా కడుతూ కడుతూ ఇద్దరం ఒళ్ళు మరిచిపోయాం. మధ్యాహ్నం భోజనానికి షాపు మూసి వచ్చిన బావ వరండా మెట్లెక్కి, మెడకో దారం, చేతికో దారం తగులుకుని కదల్లేక నిలబడ్డాడు. ఆయన్ని విడిపించాల్సింది పోయి అక్క, "కదలకండి, మీ వల్ల నీడ ఎక్కడ పడుతోందో చూస్తున్నాను," అంది. ఆ రోజు ముగ్గురం ఆలస్యంగా తిన్నాం.

దారాల పాఠం అయ్యాక పని ముందుకి సాగింది. మొదట తెరంతా నల్లగా వచ్చింది. తర్వాత నల్లటి తెర మీద ఒక ఎర్రటి చక్రం వచ్చింది. అక్క కేక వేస్తే, కొలతలు తీసుకుంటున్న మనిషిని అలాగే చేతులు చాపి నిలబడమని చెప్పి పరుగెత్తాను. చూస్తే పలకలా చదునుగా ఉంది.

"ఇది బంతి కాదక్కా, గుండీ. నాలుగు కన్నాలు పెడితే కోటుకి కుట్టేస్తాను," అన్నాను.

"వెలుగు ఇంకా పెట్టలేదులే," అని చిన్నబుచ్చుకుంది. వెలుగు లెక్క రాయడానికి వారం పైన పట్టింది. దీపానికి ఎదురుగా ముఖం పెట్టిన చోట వెలుగు ఎక్కువ, పక్కకి తిరిగే కొద్దీ తక్కువ, పెడమొహం పెట్టిన చోట చీకటి. మాటల్లో ఇంత సులువు. లెక్కల్లో ఎన్ని తిప్పలు పడిందో ఆవిడకే తెలియాలి. ఒక సాయంత్రం ఆ గుండీ ఉబ్బి బంతయింది. అక్క తెర మీద చెయ్యి పెట్టి నిమిరింది. అంతకుముందు బోర్డు మీద బంతి వేశాక కూడా అలాగే నిమిరేది, చెయ్యంతా సుద్ద అయ్యేది.

ఆ తర్వాత జరిగిన పొరపాటు ఇంకెవరూ చెయ్యరు. డ్రాయింగు టీచరు కాబట్టి చేసింది. బళ్ళో ఇన్నేళ్ళూ బంతి వెయ్యగానే కింద కుడివైపు ఒక కోలగా ఉండే నీడ వెయ్యడం ఆవిడకి అలవాటు. చెయ్యి దానంతటదే వేసేది. ప్రోగ్రాములో కూడా బంతి రాగానే, వెలుగుతో సంబంధం లేకుండా, కింద కుడివైపు ఒక నల్లటి కోల నీడ వెయ్యమని ముందే రాసిపెట్టేసింది. తర్వాత పాఠంలో నీడల లెక్క వచ్చింది. అదీ రాసింది. నొక్కి చూస్తే ఒక్క దీపం, ఒక్క బంతి, రెండు నీడలు.

"దీపం ఒక్కటే పెట్టాను కదే," అంది అక్క అయోమయంగా.

"బంతి రెండు ఇళ్ళు నడుపుతోందేమో," అన్నాను. బావ దగ్గి లోపలికి వెళ్ళిపోయాడు.

ఒకపూట తల బద్దలుకొట్టుకున్నాక ఆ రెండో నీడ తను వేసిందేనని అర్థమైంది. అదీ పెద్ద విషయం కాదు, తీసెయ్యొచ్చు. అసలు విషయం ఏమిటంటే రెండు నీడలూ ఒకచోట లేవు. అక్క వేసిన నీడ బంతి కింద బుద్ధిగా ఇమిడి ఉంది. లెక్కతో వచ్చిన నీడ బంతి నేలకి ఆనిన చోట మొదలై, కుడివైపు దూరంగా సాగిపోయింది. ఏది నిజమో తేల్చడానికి వరండాలోకెళ్ళి స్టూలు మీద బంతినీ, కుర్చీల మీద లైటునీ మళ్ళీ పెట్టింది. లైటు వెలిగించింది. నీడ సాగిపోయింది. కంప్యూటరు చెప్పిందే రైటు.

అక్క అక్కడే మెట్టు మీద కూర్చుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఇన్నేళ్ళూ పిల్లలకి వెలుగుని అడగమని చెప్పి, నేను మాత్రం అలవాటుని అడిగి వేశానే. ఎంతమందికి అంటగట్టానో ఈ నీడ." అంతగా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. బంగాళాదుంప రోజు నుంచి ఆ నవ్వు కోసమే కాచుకుని ఉన్నాను, ఆ మాట అప్పుడే నాకు తెలిసింది.

నీడ కుదిరాక బంతి మీద మచ్చలు లేచాయి. ఎర్రటి బంతి నిండా మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. బావ కళ్ళజోడు సవరించుకుని చూసి, "దద్దుర్లు. పూత మందు రాస్తే పోతాయి," అన్నాడు. ఆ సెలవుల్లో ఆయన వేసిన జోకు అదొక్కటే, కాబట్టి రాస్తున్నాను. అక్క మందు కోసం ఆగలేదు. రబ్బరు బంతిని కంటికి ఆనించుకుని లైటు వైపు తిరిగింది. ఏమీ కనబడలేదు. కొంచెం ఎడంగా జరిపింది, లైటు కనబడింది. "అదీ సంగతి," అంది. "బంతి మీద నుంచి బయల్దేరిన కిరణం దీపాన్ని చూడబోయి, కాళ్ళ కింద ఉన్న బంతినే అడ్డమనుకుంటోంది. వెంట్రుకవాసి పైనుంచి బయల్దేరమంటే సరి." అలాగే రాసింది. చుక్కలు పోయాయి.

ఇక మిగిలింది అంచు. బంతి వెలుగు బాగుంది, నీడ బాగుంది, అంచు మాత్రం మెట్లు మెట్లుగా ఉంది. దూరం నుంచి చూస్తే ఫరవాలేదు కానీ దగ్గరికొస్తే జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించినట్టే. అతుకు కనబడని సున్నా చుట్టిన మనిషికి అది కంట్లో నలుసు. బళ్ళు తెరిచే రోజు దగ్గరపడుతోంది. కంప్యూటర్ మాస్టారుని ఇంటికి పిలిచింది.

అతను తెరలోకి తొంగిచూసి, "ఒక్కో గడిలోంచి ఒక్కటే కిరణం పంపుతున్నారు కదా మేడమ్, అదీ నడిమధ్య నుంచి. అది తగిలితే ఎరుపు, తప్పితే వెనకాల ఉన్న రంగు. అందుకే మెట్లు," అన్నాడు.

"మరేం చెయ్యాలి?"

"ఒకటి కాదు, ఎక్కువ పంపాలి. అన్నీ ఒకే చోట నుంచి పంపితే లాభం లేదు. ప్రతి కిరణాన్నీ కొంచెం వణికించి..." అని నాలుక కరుచుకున్నాడు. "అంటే, అటూ ఇటూ జరిపి పంపాలి. ఆ వచ్చిన రంగులన్నీ కలిపి సగటు తీస్తే అంచు మెత్తగా వస్తుంది."

"వణుకనే అనండి మాస్టారూ, నేనేం అనుకోను," అంది అక్క. అతనికి టీ ఇచ్చింది, గేటు దాకా వెళ్ళి సాగనంపింది. తిరిగొచ్చి ల్యాప్‌టాప్ మూసేసింది.

"వణుకు వద్దనే కదే దీని దగ్గరికి వచ్చాను. ఇది కూడా నన్ను వణకమంటోంది," అంది. ఎంత అణుచుకున్నా గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. "లైబ్రరీలో ఏం తక్కువ? పుస్తకాలు ఎవర్నీ బంగాళాదుంపా అని అడగవు."

నాకు కోపం వస్తే లోపల దాచుకునే అలవాటు లేదు. "సరే, వెళ్ళి తాళాలు తీసుకో. మెట్ల బంతి ఒకటి వేసి, దాన్ని వదిలేసి వెళ్ళిపోయిందని చెప్పుకుంటారు," అనేసి పైకెళ్ళిపోయాను. వెళ్ళాక ఏడ్చాను, అది వేరే విషయం.

అక్క నాలుగైదు రోజులు దాని జోలికి పోలేదు. కానీ అటుగా వెళ్ళినప్పుడల్లా మూత తీసి అంచు చూడటం, మొహం చిట్లించుకుని మూసెయ్యడం నేను కుట్టుమిషను దగ్గర నుంచి గమనిస్తూనే ఉన్నాను. ఆవిడ వణుకునైనా భరిస్తుంది కానీ వంకర అంచుని భరించలేదు. ఒక ఉదయం మీటల చప్పుడు వినిపించింది. నేను లేవలేదు, కుడుతూనే ఉన్నాను.

బొమ్మ రావడానికి చాలాసేపు పట్టింది. ల్యాప్‌టాప్ పెద్దగా రొప్పుతుంటే అక్క పక్కన కూర్చుని దానికి విసనకర్రతో విసిరింది. ఒక్కో వరసగా పైనుంచి కిందికి బంతి దిగింది. అంచు మెత్తగా, పూత పూసినట్టు ఉంది. మెట్లు ఎక్కడా లేవు. అక్క ఆ అంచుని పెద్దది చేసి, ఒక్కో కిరణం ఎక్కడ పడిందో చుక్కలుగా వేయించి చూసింది.

"చూడవే. ఒక్కటి కూడా సరిగ్గా పడాల్సిన చోట పడలేదు," అంది. "ఒకటి లోపలికి పోయింది, ఒకటి బయటికి పోయింది. అన్నీ కలిస్తే మాత్రం గీత ఉండాల్సిన చోటే ఉంది." ఒళ్ళో ఉన్న తన కుడిచేతి వైపు చూసుకుంటూ కూర్చుంది.

బళ్ళు తెరిచారు. ల్యాప్‌టాప్ మోసేది నేనే కాబట్టి నేనూ తరగతికి వెళ్ళాను. వెనక బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటే, పక్కనే పెద్దమేడమ్ వచ్చి కూర్చుంది. ఆవిడ పక్కన నా నోరు కూడా పెగల్లేదు. అక్క ప్రొజెక్టరు పెట్టి బంతి చూపించింది. దారాల కథ చెప్పింది, రెండు నీడల కథ చెప్పింది. పిల్లలు పడీపడీ నవ్వారు. నిజం నీడ దూరంగా సాగిన బంతి గోడంత ఎత్తున మెరుస్తుంటే పెద్దమేడమ్ తల ఊపింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు రెండో వరసలో ఒక పిల్ల లేచింది. "బాగుంది టీచర్. కానీ మా దగ్గర పెన్సిలే ఉంది. పెన్సిలుతో ఎలా వెయ్యాలి?"

ఆ పిల్ల చెవి మెలిపెట్టాలనిపించింది నాకు. పెద్దమేడమ్ తల ఊపడం ఆపేసింది. ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేమీ లేదు, డ్రాయింగు క్లాసులో అడగాల్సిందే అడిగింది. అక్క గోడ మీద బంతి వైపు ఒకసారి, ఆ పిల్ల చేతిలో పెన్సిలు వైపు ఒకసారి చూసింది. బోర్డు దగ్గరికి నడిచి, సెలవులకి చాలా ముందే వదిలేసిన సుద్దముక్క తీసుకుంది.

మొదటి గీత వణికింది. తేలిగ్గా, బరువు పెట్టకుండా చుట్టిన సున్నా, సొట్టలు సొట్టలుగా వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. అక్క దాన్ని తుడవలేదు. దాని మీదే ఇంకో సున్నా చుట్టింది. అదీ వణికింది, కానీ వేరే చోట. ఇంకోటి, ఇంకోటి. ఎక్కడా దిద్దలేదు, ఆగలేదు, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చింది. గీతలు కొన్ని లోపలికి పోయాయి, కొన్ని బయటికి పోయాయి. అవి ఎక్కువగా కలిసిన చోట తెల్లగా, చిక్కగా ఒక వలయం తేలడం మొదలుపెట్టింది. కిసుక్కులు ఆగిపోయాయి. కాసేపటికి బోర్డు మీద గుండ్రటి బంతి ఉంది. ఒక్క ఊపులో చుట్టిన పాత సున్నా కన్నా మెత్తగా, అప్పుడే దొర్లి వచ్చి ఆగినట్టు ఉంది. సుద్దని అడ్డంగా పట్టి వెలుగు పూసింది. నీడని కుడివైపు దూరంగా సాగదీసింది.

"ఒక్క గీతలో రావాలని లేదు," అంది పిల్లలతో. కొంచెం ఆయాసపడుతోంది. "చెయ్యి తప్పుతుంది. తప్పనివ్వండి. నొక్కకుండా మళ్ళీ చుట్టండి. చుట్టగా చుట్టగా అదే ఎక్కడుండాలో అక్కడికొస్తుంది."

అందరూ వేశారు. నాకు తెలిసి మొదటి రోజే తరగతిలో ప్రతి పిల్లకీ ప్రతి పిల్లాడికీ బంతి రావడం ఇదే మొదలు. ఇదివరకు అక్క సున్నా చూసి సగం మంది పెన్సిలు కింద పెట్టేసేవారు. వాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఆ పూట నా ముందున్న కాగితం మీద నేనూ ఒకటి వేశాను. బంతిలానే ఉంది.

పెద్దమేడమ్ లేచి బోర్డు దగ్గరికెళ్ళి ఆ బంతిని దగ్గర నుంచి చూసింది. "లైబ్రరీకి ఎవరినైనా వెతకాలి," అంది. అక్క చెయ్యంతా సుద్ద.

ఇంటికొచ్చాక కొత్త బంతి ఎలా ఉందని బావ అడిగాడు. ఏ బంతండీ అంది అక్క. టీ తెచ్చింది, ఈసారి నిండు కప్పు, సాసరుతో సహా, చప్పుడు చేసుకుంటూ. నన్ను కిటికీ పక్కన, వెలుగు ఎడమ నుంచి పడేలా కూర్చోబెట్టి, కాగితం తీసుకుని ఎదురుగా కూర్చుంది. నా ముక్కు చుట్టూ గీతలు పడుతూనే ఉన్నాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, భుజాలు కదిలాయి.

"వణక్కుండా కూర్చోవే," అని కసిరింది అక్క.

కూర్చున్నాను.